మొదటి మల్టీమీటర్ ఏది కొనాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మల్టీమీటర్ గురించే, అంటే వోల్టులు, ఆంపియర్లు, ఓములు కొలిచే మీటరు గురించే ఉన్నాయి. కావలి కుర్రాడి ప్రశ్న చాలామందికి ఉన్నదే కాబట్టి దానికి వివరంగా రాస్తున్నాను, మిగతావాటికి అవసరమైనంత మేర.

ప్రశ్న: నేను పాలిటెక్నిక్ రెండో సంవత్సరం. ఇంట్లో పాడైన ఎల్ఈడీ బల్బులు, సెల్ ఛార్జర్లు, ఫ్యాను, పాత రేడియో అన్నీ విప్పి బాగుచేస్తుంటాను. ఇన్నాళ్లూ పక్కింటి అన్న మీటరు అడిగి తెచ్చుకునేవాణ్ని. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక షాపులో 250 రూపాయలకి ఒకటి చూపించారు, ఆన్‌లైన్‌లో చూస్తే 10 వేలు దాటినవి కూడా ఉన్నాయి. నా దగ్గర 1500 ఉన్నాయి. ఏది కొనాలన్నా? (కావలి నుంచి ఒక విద్యార్థి)

జవాబు: తమ్ముడూ, నీ 1500 చాలు. 10 వేలది నీకు ఇప్పుడు అక్కర్లేదు. కానీ ఆ 250ది మాత్రం నువ్వు చెప్పిన పనులకి వద్దు. షాపులో అడిగితే "అన్నీ ఒకటే, రీడింగు రీడింగే" అంటారు, అందుకే ఎందుకు వద్దంటున్నానో కాస్త విడమరిచి చెప్తాను.

రీడింగు వరకు వాళ్లు చెప్పేది నిజమే. ఆ ధరకి ఎక్కువగా కనిపించే పసుప్పచ్చ డీటీ 830డీ రకం మీటరులో బ్యాటరీ బాగుంటే 5 వోల్టుల్ని 5కి దగ్గర్లోనే చూపిస్తుంది, రెసిస్టర్లు కొలుస్తుంది, డయోడ్ చూస్తుంది. బ్యాటరీతో నడిచే బొమ్మకో, 12 వోల్టుల స్ట్రిప్ లైటుకో అది బ్రహ్మాండంగా సరిపోతుంది. అయితే నువ్వు విప్పేవి ఛార్జర్లు, ఎల్ఈడీ బల్బులు, అంటే నేరుగా 230 వోల్టుల మీద నడిచేవి. అక్కడ చూడాల్సింది మీటరు ఎంత కచ్చితంగా కొలుస్తుందని కాదు, నీ చెయ్యి జారినప్పుడు ఆ మీటరు లోపల ఏం జరుగుతుందని.

ఆ మీటరు ముందువైపు మూడు రంధ్రాలుంటాయి. పైన ఉన్న 10 ఆంపియర్ల రంధ్రం పక్కన చిన్న అక్షరాల్లో 'అన్‌ఫ్యూజ్డ్' అని రాసి ఉంటుంది, అంటే ఆ దారిలో ఫ్యూజు లేదని వాళ్లే చెప్తున్నారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు తరచూ చేసే పొరపాటు ఏంటంటే, ఏదో మోటారు ఎన్ని ఆంపియర్లు లాగుతుందో చూడడానికి ఎర్ర లీడు (చివర ప్రోబు, అంటే లోహపు మొన ఉండే మీటరు వైరు) ఆ రంధ్రంలో పెట్టి, పని అయ్యాక తీయకుండా వదిలేసి, మర్నాడు అదే మీటరుతో ప్లగ్గులో వోల్టేజి చూడబోతారు. ఆంపియర్ల దారిలో మీటరంటే దాదాపు ఒక లావుపాటి తీగ ముక్కే, దాన్ని తీసుకెళ్లి ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య పెడితే షార్టే. నాబ్‌ని వోల్టుల దగ్గర పెట్టినా లాభం లేదు, లీడు ఏ రంధ్రంలో ఉందన్నదే లెక్క. అదృష్టం బాగుంటే ఎంసీబీ పడిపోయి ప్రోబు మొన కరగడంతో పోతుంది, లేకపోతే ఆ మెరుపు నీ చేతిలోనే.

ఫ్యూజు ఉన్న మీటర్లలోనూ తేడా ఉంది. వెనక మూత విప్పితే చిన్న గాజు ఫ్యూజు కనిపిస్తుంది, మంచి మీటర్లలో లావుగా తెల్లటి పింగాణీ ఫ్యూజు ఉంటుంది. గాజుదాంట్లో తీగ కాలిపోయినా, కరెంటు బాగా ఎక్కువైతే ఆ లోహపు ఆవిరి గుండా మంట కొనసాగి గాజు పగిలిపోవచ్చు. పింగాణీ ఫ్యూజులో ఇసుక నింపి ఉంటుంది, ఆ ఇసుక మంటని అక్కడికక్కడే ఆర్పేస్తుంది. కొనేముందు మూత విప్పి చూపించమని అడుగు, ఒప్పుకోకపోతే అదే మోడల్ లోపలి ఫోటోలు ఆన్‌లైన్‌లో వెతుకు, చాలావాటికి దొరుకుతాయి.

ఇక మీటరు మీద 'క్యాట్' అని ఉండే గుర్తు. క్యాట్ టూ అంటే ప్లగ్గులో పెట్టి వాడే వస్తువుల వరకు, క్యాట్ త్రీ అంటే ఇంటి మెయిన్ బోర్డు, గోడలో వైరింగ్, మోటారు స్టార్టర్ల వరకు, క్యాట్ ఫోర్ అంటే స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు దగ్గర. లైన్‌లో అప్పుడప్పుడూ క్షణకాలం వచ్చే వేల వోల్టుల కుదుపుని మీటరు తట్టుకుంటుందా లేదా అన్నది ఆ గుర్తు చెప్పాలి. నీకు కనీసం క్యాట్ టూ 600 వోల్టులు, దొరికితే క్యాట్ త్రీ 600. అచ్చు వేయడం ఎవరైనా వేస్తారు కాబట్టి గుర్తు చూసి ఆగిపోకు, గాజు ఫ్యూజు పెట్టి క్యాట్ ఫోర్ అని రాసుకున్న మీటరు కనిపిస్తే దాన్ని అక్కడే వదిలెయ్యి.

నీ ధరలో, అంటే వెయ్యికీ రెండు వేలకీ మధ్య మెక్స్‌టెక్, హెచ్‌టీసీ, యూనీ-టీ పేర్లు ఎక్కువగా కనిపిస్తాయి. పేరు కన్నా మోడల్ చూసుకో. ఆటో రేంజ్ ఉండాలి, అంటే 20 వోల్టులా 200 వోల్టులా అని నాబ్ తిప్పుకోకుండా అదే చూసుకోవాలి, నేర్చుకునే రోజుల్లో ఇది చాలా పొరపాట్లు తప్పిస్తుంది. కెపాసిటర్ కొలవాలి. బీప్ ఉండాలి, అంటే రెండు ప్రోబుల మధ్య దారి తెగకుండా ఉంటే మోగాలి. టెంపరేచర్, బ్లూటూత్, రంగుల స్క్రీను ఇవేవీ నీ పనికి అడ్డూ కాదు, అవసరమూ కాదు, వాటికోసం డబ్బు పెట్టకు.

కెపాసిటర్ రేంజ్ మాత్రం శ్రద్ధగా చూడు. మనవాళ్లు కండెన్సర్ అంటారే, ఫ్యానుకుండేది, అది సాధారణంగా 2.5 మైక్రోఫారడ్. ఫ్యాను నీరసంగా తిరుగుతోందంటే దాన్ని తీసి కొలిస్తే 1.5, 1.6 చూపిస్తుంది, కొత్తది వేస్తే మళ్లీ వేగం అందుకుంటుంది. ఆ పనికి కెపాసిటర్ కొలిచే ఏ మీటరైనా చాలు. కానీ రేడియోలో, సెట్‌టాప్ బాక్సు అడాప్టర్లో 470, 1000 మైక్రోఫారడ్లవి ఉంటాయి. పాత రకం మీటర్లు కొన్ని 20 మైక్రోఫారడ్ల దగ్గరే ఆగిపోతాయి. కనీసం 2000 దాకా వెళ్లేది తీసుకో. ఏ కెపాసిటర్‌నైనా పూర్తిగా ఖాళీ చేశాకే మీటరు పెట్టు.

ఈ ఖాళీ చేయడం గురించి ఇంకో మాట. ఛార్జర్ విప్పినా, అంతకన్నా పెద్ద పవర్ సప్లై విప్పినా చాలావాటి లోపల ఒక లావు కెపాసిటర్ ఉంటుంది, 230 వోల్టుల ఏసీ డయోడ్ల గుండా వెళ్లి దాని మీద 325 వోల్టుల డీసీ అవుతుంది. ప్లగ్గు పీకినా అది కొన్నిసార్లు నిమిషాల తరబడి అలాగే ఉంటుంది. అందుకని ప్లగ్గు పీకాక మీటరుని డీసీ వోల్టుల్లో పెట్టి ముందు దాన్ని చూడు, వోల్టేజి మిగిలి ఉంటే హోల్డరుకి రెండు వైర్లు కట్టిన మామూలు ఫిలమెంట్ బల్బుని దాని కాళ్లకి ఆనించు, మళ్లీ కొలిచి సున్నా దగ్గరికి వచ్చాకే బీప్ మోడ్‌లోకి తిప్పు. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి 'ఠప్' అనిపించే అలవాటు మన మెకానిక్కుల్లో చాలామందికి ఉంది, అది నేర్చుకోకు.

ఎల్ఈడీ బల్బుల విషయంలో ఒక నిరాశ ముందే చెప్తున్నా. డయోడ్ మోడ్‌లో మీటరు ఇచ్చేది మూడు వోల్టుల లోపో, కాస్త పైనో. 9 వాట్ల బల్బు ప్లేటు మీద ఉండే ఒక్కో చిప్పులో రెండు మూడు ఎల్ఈడీలు సిరీస్‌లో ఉంటాయి, వాటికి 6, 9 వోల్టులు, ఇంకా ఎక్కువ కూడా కావాలి. కాబట్టి ఏ మీటరు పెట్టినా అవి వెలగవు, అంతమాత్రాన అన్నీ పోయాయనుకోకు. మధ్యలో నల్ల చుక్క పడిన చిప్పు కోసం ముందు కంటితో చూడు. ఆ ప్లేటు మీద చాలా బల్బుల్లో మెయిన్స్‌కీ ఎల్ఈడీలకీ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, అంటే వెలుగుతున్నంతసేపూ ప్లేటంతా కరెంటే.

షాపులో చూడాల్సిన పరీక్ష ఒకటుంది, అది వదలొద్దు. బీప్ మోడ్‌లో పెట్టి రెండు ప్రోబుల మొనలు తాకించు. తాకించిన క్షణంలోనే మోగాలి. అర సెకను ఆలోచించి మోగేది బోర్డు మీద పనికి రాదు, నువ్వు ఒక మొనని గీస్తూ పాతిక కాళ్ల మీదుగా లాగినప్పుడు అది ఒక్కటీ పట్టుకోలేదు. తర్వాత ఓమ్స్‌లోకి మార్చి మొనలు కలిపి ఉంచి, లీడు వైరు ప్లగ్గులోకి వెళ్లే చోట, ప్రోబు పిడిలోకి వెళ్లే చోట అటూ ఇటూ వంచు. 0.2, 0.3 దగ్గర కదలకుండా నిలబడితే మంచి లీడ్స్, ఒకటి దాటి గెంతుతుంటే లోపల తీగలు తెగడానికి సిద్ధంగా ఉన్నాయన్నమాట. చవక మీటర్లలో ముందు చచ్చిపోయేది మీటరు కాదు, లీడ్సే. 200 మిగిలితే మెత్తటి సిలికాన్ లీడ్స్ కొనుక్కో, వాటిమీద కూడా క్యాట్ గుర్తు చూసుకో.

ఎప్పుడైనా నాలుగైదు వేలు చేతికొస్తే ఫ్లూక్ 101 గురించి ఆలోచించు. అది ఆంపియర్లు కొలవదు, చాలామంది అదొక లోపం అంటారు. నాకైతే మొదటి మీటరుకి అదే పెద్ద సుగుణం అనిపిస్తుంది. ఆంపియర్ల రంధ్రమే లేదు కాబట్టి పైన చెప్పిన ప్రమాదం దానితో జరగదు. చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్లే పని ఉంటే అక్కడ రకరకాలవి చేత్తో పట్టుకుని చూడొచ్చు, కానీ ఒక్క మీటరు కోసమే రైలెక్కాల్సిన అవసరం లేదు.

ప్రశ్న: హాల్లో ఫ్యాను పాడైతే విప్పాం. స్విచ్చి ఆపే ఉంది, అయినా ఆ రెండు వైర్ల మధ్య మా డిజిటల్ మీటరు 70 వోల్టులు చూపిస్తోంది. వైరింగ్ లీకవుతోందని, మొత్తం మార్చాలని ఒక ఎలక్ట్రీషియన్ అన్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. (వేదాయపాళెం, నెల్లూరు)

జవాబు: మార్చడానికి తొందరపడకండి. ఒకే పైపులో పక్కపక్కనే మీటర్ల కొద్దీ వైర్లు పోతుంటే, కరెంటున్న వైరు పక్కన ఉన్న ఖాళీ వైరులోకి కాస్త వోల్టేజి ఎక్కుతుంది. దాని వెనక బలమేమీ ఉండదు. చాలా డిజిటల్ మీటర్ల లోపలి నిరోధం కోటి ఓములు, అంటే అవి లైన్ నుంచి దాదాపు ఏమీ లాగవు, అందుకే ఆ బలంలేని వోల్టేజి కూడా వాటికి కనిపిస్తుంది. దీన్నే ఘోస్ట్ వోల్టేజి అంటారు.

తేల్చుకునే పద్ధతి సులువే. మెయిన్ ఆపి, ఆ రెండు వైర్లకీ మామూలు ఫిలమెంట్ బల్బు హోల్డరుతో సహా బిగించి, వైరు మొనలు ఎవరికీ తగలకుండా టేపు చుట్టి, మెయిన్ వేసి, ఫ్యాను స్విచ్చి ఆపే ఉంచి మళ్లీ కొలవండి. 70 కాస్తా సున్నా దగ్గరికి పడిపోతే ఆ రెండు వైర్ల మధ్య కనిపించింది ఘోస్టే. బల్బు వెలిగినా, రీడింగు పడకపోయినా అప్పుడు నిజంగా లోపం ఉన్నట్టు.

ఇంతటితో ఆపకండి, ఒక్కో వైరుకీ ఎర్త్‌కీ మధ్య కూడా చూడాలి. స్విచ్చి ఆపి ఉండగా ఏదో ఒక వైరు ఎర్త్‌తో నిండుగా 230 చూపిస్తే, ఎవరో స్విచ్చిని ఫేజులో కాకుండా న్యూట్రల్‌లో వేశారన్నమాట. ఫ్యాను ఆగుతుంది, కరెంటు మాత్రం అక్కడే కూర్చుని ఉంటుంది, నిచ్చెనెక్కి విప్పినవాడికి షాక్ కొడుతుంది. ఇది పాత ఇళ్లలో బాగా కనిపిస్తుంది. వైరింగ్ అంతా మార్చక్కర్లేదు, బోర్డులో రెండు వైర్లు సరిచేస్తే చాలు, కానీ ఆ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, ఆయన పక్కన నిలబడి మీటరు పట్టుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. బ్యాటరీలు, చిన్న మోటార్లు, ఎల్ఈడీలతో ఏవేవో చేస్తుంటాడు. మల్టీమీటర్ కావాలని గోల. ఆ వయసులో ఇవ్వొచ్చా? (ఒంగోలు నుంచి ఒక తల్లి)

జవాబు: తప్పకుండా ఇవ్వండమ్మా, అడిగినప్పుడే ఇవ్వాలి. ఇందాక వద్దన్న ఆ 250 రూపాయల మీటరే మీ అబ్బాయికి సరైనది. రేంజులు చేత్తో తిప్పుకోవాలి కాబట్టి 20 వోల్టులంటే ఏంటో, 2000 ఓములంటే ఏంటో వాడికి వాడే తెలుసుకుంటాడు. రెండు పనులు మాత్రం మీరు చేయండి. 10 ఆంపియర్ల రంధ్రం మీద గట్టిగా టేపు అంటించండి. గోడ ప్లగ్గులో ఈ మీటరు పెట్టకూడదని, 9 వోల్టుల బ్యాటరీ దాటినది ఏదైనా మిమ్మల్ని అడిగాకే అని కచ్చితంగా చెప్పండి. పిల్లలకి ఇంకో కోరిక కూడా పుడుతుంది, బ్యాటరీలో ఎన్ని ఆంపియర్లున్నాయో చూద్దామని ప్రోబులు నేరుగా దానికి ఆనిస్తారు. పవర్ బ్యాంకులోని లిథియం సెల్‌తో అలా చేస్తే వైర్లు కాలతాయి, సెల్ అంటుకోవచ్చు కూడా. ఆంపియర్లంటే మోటారుతోనో బల్బుతోనో వరసలో పెట్టి కొలిచేవి అని మొదటిరోజే చెప్పాలి.

ఒక సరదా పని చేయించండి. 2బీ పెన్సిల్‌తో కాగితం మీద ముదురుగా, వెడల్పుగా ఒక గీత గీసి, రెండు చివర్లా ప్రోబులు పెట్టి ఓమ్స్‌లో చూడమనండి. ఒక ప్రోబుని గీత మీద దగ్గరికి జరిపేకొద్దీ అంకె తగ్గుతుంది, దూరం జరిపితే పెరుగుతుంది. స్క్రీను మీద బ్యాటరీ బొమ్మ వచ్చినప్పుడు వెంటనే లోపలి 9 వోల్టుల బ్యాటరీ మార్చండి, అది నీరసిస్తే ఈ మీటర్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి, అప్పుడు చచ్చిన బ్యాటరీ కూడా బాగున్నట్టే కనిపిస్తుంది.

ప్రశ్న: రొయ్యల చెరువుల మీద 2 హెచ్‌పీ త్రీ ఫేజ్ ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపేవి) ఉన్నాయి. మోటార్లు ఊరికే కాలిపోతున్నాయి, రీవైండింగుకే డబ్బులన్నీ పోతున్నాయి. మా వాడు ఇంట్లో బోర్డులు రిపేరు చేసుకునే మీటరుతో చూస్తే అంతా బాగుందనే చూపిస్తోంది. (విడవలూరు మండలం నుంచి ఒక రైతు)

జవాబు: రైతన్నా, ఆ మీటరుకి తెలిసేది తక్కువ. ఓమ్స్‌లో అది మోటారుకి ఇచ్చేది తన బ్యాటరీలోని రెండు మూడు వోల్టులే. ఉప్పు గాలికి, తేమకి వైండింగు ఇన్సులేషన్ దెబ్బతింటే ఆ కాస్త వోల్టేజికి బయటపడదు. దానికి మెగ్గర్ కావాలి, అది 500 వోల్టులు పెట్టి చూస్తుంది. సప్లై పూర్తిగా తీసేసి, వైండింగుకీ బాడీకీ మధ్య చూస్తే ఒక మెగాఓమ్ కన్నా తక్కువ వచ్చిన మోటారుని నీళ్లలోకి దించొద్దు, ఆరబెట్టించాలి లేదా వైండింగ్ షాపుకి పంపాలి. మెగ్గర్ మీరు కొనక్కర్లేదు, మంచి వైండింగ్ షాపుల్లో ఉంటుంది, మోటారు ఇచ్చేముందు మీ ఎదురుగా చూపించమని అడగండి.

మీరు కొనాల్సింది క్లాంప్ మీటరు, క్యాట్ త్రీ 600 వోల్టులకి తగ్గకుండా. ఫేజుకీ ఫేజుకీ మధ్య 415 వోల్టుల దగ్గర ఉంటుంది కాబట్టి 300 వోల్టులని రాసున్న మీటర్లు స్టార్టరు దగ్గరికి తేవద్దు. క్లాంప్‌తో వైరు విప్పకుండానే ఆంపియర్లు తెలుస్తాయి. ఒక్కో ఫేజు వైరుని విడిగా దాని దవడలో పెట్టాలి, మూడూ కలిపి పెడితే సున్నా దగ్గరే చూపిస్తుంది, చాలామంది అక్కడే మీటరు పాడైందనుకుంటారు. 2 హెచ్‌పీ మోటారుకి ఒక్కో ఫేజులో మూడు, మూడున్నర ఆంపియర్ల దగ్గర రావాలి, కచ్చితమైన అంకె మోటారు ప్లేటు మీద ఉంటుంది. మూడు ఫేజులూ ఇంచుమించు సమానంగా ఉండాలి. ఒకదాంట్లో బాగా తక్కువై మిగతా రెండింట్లో పెరిగితే ఫేజు నీరసంగా వస్తోందో, స్టార్టరులో కాంటాక్టు కాలిందో చూడాలి, మోటార్లు వరసగా కాలిపోవడానికి ఎక్కువసార్లు ఇదే కారణం. ఒక ఫేజు పూర్తిగా పోయినా మిగతా రెండింటి మీద మోటారు మూలుగుతూ కాలిపోతుంది, ఓవర్‌లోడ్ రిలే (ఆంపియర్లు మించితే మోటారుని ఆపేసేది) మోటారుకి తగిన ఆంపియర్ల దగ్గరే సెట్ అయి ఉందో లేదో కూడా చూపించండి. తడి కాళ్లతో, గట్టు మీద నిలబడి స్టార్టరు మూత మాత్రం మీరు తీయకండి, అది లైన్ తెలిసినవాళ్ల పని.

ప్రశ్న: మా నాన్నగారు రేడియో మెకానిక్. ఆయన వాడిన ముల్లు మీటరు ఉంది. ఇప్పుడది దేనికైనా పనికొస్తుందా? (మార్కాపురం)

జవాబు: పనికొస్తుంది, జాగ్రత్తగా ఉంచుకోండి. ఆంపియర్లు, వోల్టులు, ఓములు మూడూ ఒకే పెట్టెలో కొలిచే 'ఏవీఓ' (AVO) మీటరు 1923లో ఇంగ్లండులో వచ్చింది, మీ నాన్నగారిది ఆ వంశంలోదే. కెపాసిటర్ ఛార్జవుతుంటే ముల్లు ఒక్కసారి లేచి మెల్లగా వాలడం, వాల్యూమ్ కంట్రోల్ తిప్పుతుంటే మధ్యలో ముల్లు తుళ్లిపడడం ఇలాంటివి అంకెల మీటరులో అంత బాగా కనిపించవు. ముందు వెనక మూత తీసి సెల్స్ కారి కాంటాక్టులు తినేశాయేమో చూడండి. డయలు మూల 20 కిలోఓమ్స్ పర్ వోల్ట్ అని ఉంటే 10 వోల్టుల రేంజులో అది రెండు లక్షల ఓములే, కాబట్టి సున్నితమైన సర్క్యూట్లలో అసలు కన్నా తక్కువ చూపిస్తుంది. ఇంకోటి, చాలా ముల్లు మీటర్లలో ఓమ్స్‌లో ఉన్నప్పుడు నల్ల ప్రోబే పాజిటివ్. డిజిటల్‌కి అలవాటుపడి దీనితో డయోడ్ చూస్తే తిరగబడి కనిపిస్తుంది. మెయిన్స్ కొలవడానికి మాత్రం దాన్ని వాడకండి, ఆ లీడ్స్ వయసు ఎంతో మీకు తెలుసు.

ప్రశ్న: ఇన్వర్టరు మీద ఇల్లు నడుస్తున్నప్పుడు మా మీటరు 255 వోల్టులు చూపిస్తోంది. టీవీ కాలిపోతుందా? (కనిగిరి)

జవాబు: మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు, అంటే కరెంటు అలని చదరంగా ఇచ్చేది అయితే మీటరే తప్పు చెప్తుండొచ్చు. మామూలు మీటర్లు సైన్ వేవ్‌ని, అంటే లైన్‌లో వచ్చే నున్నటి అలని ఊహించుకుని లెక్కవేస్తాయి, నిండు స్క్వేర్ వేవ్ వస్తే సుమారు 11 శాతం ఎక్కువ చూపిస్తాయి, 230కి 255 రావడం సరిగ్గా ఆ లెక్కే. మధ్యలో విరామం ఉండే మోడిఫైడ్ రకం అయితే అదే మీటరు తక్కువ కూడా చూపిస్తుంది. ట్రూ ఆర్ఎంఎస్ అని రాసున్న మీటరు (అల ఆకారం ఏదైనా అసలు వోల్టేజి లెక్కవేసేది) ఎవరి దగ్గరైనా ఉంటే తెచ్చి ఒకసారి చూడండి. 230 దగ్గర వస్తే ఇన్వర్టరు జోలికి పోవద్దు, దానితో కూడా 250 దాటితే అప్పుడు మెకానిక్‌ని పిలవండి.